నీరు తీశాక దాత ఎక్కడ?

గోదావరి వరద చెప్పి వస్తుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడ పెరిగిన నీరు ఒక రోజుకు అటూ ఇటుగా ధవళేశ్వరం చేరుతుంది. ఆనకట్ట దగ్గర మళ్లీ 11.75, 13.75, 17.75 అడుగుల లెక్క. పి.గన్నవరం, అయినవిల్లి, మామిడికుదురు, రాజోలు మండలాల లంకల్లో బడి మొహం చూడనివాళ్లకు కూడా ఈ అంకెలు కంఠతా వచ్చు. ఏ అంకెకు కాజ్‌వే మునుగుతుందో, ఏ అంకెకు పాదుల్లోకి నీరొస్తుందో, ఏ అంకెకు సామాను అటక ఎక్కించాలో వారికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను ముంచిన బుడమేరు ఇంత గడువు ఇవ్వలేదు. కోనసీమకు నది గడువు ఇస్తూనే ఉంది. ఇంత ముందుగా తెలిసే విపత్తుకు మన సాయం మాత్రం ఎప్పుడూ వెనక నుంచే వస్తుంది, వచ్చినంత వేగంగానూ వెళ్లిపోతుంది. కోనసీమలో పెట్టే చేతులకు కరవు లేదు. ఆ చేతులు నీరున్నన్నాళ్లే కనిపించడం, అసలు నష్టం మొదలయ్యే వేళకు గట్టు మీద ఎవరూ మిగలకపోవడమే మనం మాట్లాడుకోవాల్సిన సంగతి.

మూడు వరదలు, ఒకటే తీరు

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇప్పటికీ అదే కొలమానం. 2006 ఆగస్టులో 28 లక్షలు దాటినప్పుడు శానపల్లిలంక, మొండెపులంక దగ్గర ఏటిగట్లకు గండ్లు పడ్డాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటి, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వచ్చింది. పెద్ద వరదంటే ఆగస్టు అనుకునే లంకలకు అది నెల ముందే వచ్చిపడింది. కోనసీమ కొత్త జిల్లాగా ఏర్పడి అప్పటికి నాలుగు నెలలు కూడా నిండలేదు.

ఆ జూలైలో ప్రభుత్వం కుటుంబానికి 25 కిలోల బియ్యం, కందిపప్పు, పామాయిల్, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, 2,000 రూపాయల నగదు ప్రకటించింది. దానికి తోడు ఊళ్లు కదిలాయి. గుడి కమిటీలు, చర్చిలు, సినిమా హీరోల అభిమాన సంఘాలు, వ్యాపారులు, పూర్వ విద్యార్థుల బృందాలు ఎవరి వంతు వారు వండారు, మోశారు. పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు, వాటర్ టిన్నులు, కొవ్వొత్తులు గట్టు మీదికి చేరాయి. ఇది తక్కువ చేసి చూడాల్సిన పని కాదు. నాటుపడవలో ఎదురు వరదకు అన్నం పట్టుకెళ్లడం ఎంత కష్టమో పడవ వేసినవాడికే తెలుసు.

కానీ ఆ సాయం ఎక్కడ ఆగుతుందో కూడా చూడాలి. ట్రాక్టరు ఏటిగట్టు దాకా వస్తుంది. బ్యానరు కట్టేదీ, ఫొటో తీసేదీ అక్కడే. గట్టు పక్క పేటకు పొద్దుటి నుంచి మూడు సంఘాల భోజనాలు వస్తాయి; మధ్యాహ్నానికి పొట్లాలు మిగిలి పులిసిపోతాయి. గట్టు దిగి, నడుము లోతు నీరు దాటి, ఇంకో పాయ అవతలున్న లంకకు ఆ పూట ఏమీ ఉండదు. ఎవరికి అందాలో ఆ గంటలో నిర్ణయించేది దాత కాదు, అధికారీ కాదు. డీజిలు ఉన్న పడవ, ఆ పడవవాడికి తెలిసిన ఇల్లు. ఇక పాత బట్టల మూటలు సరేసరి. విప్పి చూస్తే పనికొచ్చేవి పదింట రెండు. మిగతావి తడిసి ముద్దయి గట్టు కింద కుళ్లుతాయి.

ఇందులో కులం మాటా దాచిపెట్టనక్కర్లేదు. కొత్త జిల్లా పేరు మీద రేగిన గొడవలో 2022 మే 24న అమలాపురం తగలబడింది. రెండు నెలలు తిరగకుండానే వరద వచ్చింది. ఆ నీటిలో ఒకరినొకరు పడవల్లోకి లాక్కున్నవారూ ఉన్నారు. అయినా సంఘం పేరుతో బయల్దేరిన సాయం ముందుగా సొంతవారి వీధి వెతుక్కుంటుంది. పల్లంలో, ఊరి చివర ఉన్న పేటకు నీరు ముందొస్తుంది, పొట్లం చివర వస్తుంది. ఇది ఎవరి దుర్బుద్ధీ కానక్కర్లేదు. ఊరంతటికీ ఒక జాబితా లేనిచోట పరిచయమే జాబితా అవుతుంది.

సీతమ్మగారి ఇంట పొయ్యి ఆరలేదు

అన్నదానం గురించి కోనసీమకు పాఠం చెప్పే అర్హత ఎవరికీ లేదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా చూడకుండా వండి పెట్టారు. ఇవాళ బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరే పెట్టుకున్నాం. ఆ దానం గొప్పదనం ఎంతమందికి పెట్టారన్న లెక్కలో లేదు. సొంత పొలం పంట మీద ఆధారపడి, రోజూ, ఏళ్ల తరబడి సాగడంలో ఉంది. వరదొస్తేనే వెలిగే పొయ్యి కాదది.

ఇంకో విశేషం ఉంది. వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని అవతలి ఒడ్డుకు దాటించే పి.గన్నవరం కొత్త అక్విడక్టుకు సీతమ్మగారి పేరు పెట్టారు. అన్నం పెట్టిన తల్లి పేరు ఒక ఇంజనీరింగు కట్టడానికి ఉండటం సరైన గౌరవమే. ఆకలి తీర్చడం, ఆకలి రాకుండా కట్టడం – రెండూ ఒకే పనిలో భాగాలు. మన వరద సాయం మొదటి సగం దగ్గరే ఆగిపోతోంది.

నీరు తీశాక

వరద తీసిన వారానికి లంకలోకి వెళ్తే అసలు నష్టం కనిపిస్తుంది. వాకిట్లో, గదుల్లో పిక్కల దాకా ఒండ్రు. దండెం మీద చీరల పక్కనే పట్టాదారు పాసు పుస్తకం, పిల్లల టెన్త్ సర్టిఫికెట్, డ్వాక్రా పొదుపు పుస్తకం ఆరేసి ఉంటాయి. గడ్డివామి కుళ్లి వాసన వేస్తుంది. గట్టు మీద కట్టేసిన గేదె పది రోజులుగా అరటి బోదెలు తిని పాలు చప్పున తగ్గించేసింది. చేతిపంపు కొడితే ఎర్రనీళ్లు. అరటి తోట నిలబడే ఉన్నట్టుంటుంది గానీ వేరు కుళ్లి, గెల పక్వానికి రాకుండానే ఒరిగిపోతుంది. రావులపాలెం మార్కెట్‌కు వెళ్లాల్సిన పంట అది. బెండ, వంగ, బీర, దొండ పాదుల మాట చెప్పనే అక్కర్లేదు.

ఇంటికి బియ్యం వచ్చాయి. గేదెకు గడ్డి రాలేదు. మనిషికి రెండు పూటలు గడిచాయి. పాల డబ్బు మూడు నెలలు ఆగిపోయింది. లంకల్లో చాలా ఇళ్లకు రోజువారీ రొక్కం పాల మీదే వస్తుంది. ఒక లారీ వరిగడ్డి అక్కడ ఎన్నో లారీల బియ్యం పెట్టు. అయినా గడ్డి లారీ ముందు నిలబడి ఫొటో దిగే దాతలు అరుదు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను ఈ పాఠాన్ని ఇంకా కఠినంగా నేర్పింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు, ఐ.పోలవరం, కాట్రేనికోన, ముమ్మిడివరం తీరం తుడిచిపెట్టుకుపోయింది. కొబ్బరి చెట్లు లక్షల్లో కూలాయి. కొబ్బరి మొక్క మళ్లీ నాటితే కాపుకు వచ్చేసరికి ఐదారేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. సాయం వారాల్లో ముగిసింది, ఆదాయం ఏళ్ల తరబడి రాలేదు. ఆ మధ్య కాలాన్ని నింపింది దాతలు కాదు, వడ్డీ వ్యాపారులు. రాజోలు, మలికిపురం వైపు నుంచి ఆడవాళ్లు కువైట్, మస్కట్ ఇళ్లలో పనికి వెళ్లడం వెనక ఇలాంటి చేతి అప్పులు ఎన్ని ఉన్నాయో ఆ ఊళ్లకే తెలుసు.

నష్టపరిహారం ఉంది కదా అనవచ్చు. ఉంది, పేరు రికార్డులో ఉన్నవారికి. లంక భూమిలో పట్టా ఒకరిది, పాదు ఒకరిది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలురైతుకు 11 నెలల కార్డు ఇస్తారు. దానికి భూయజమాని అంగీకారం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న భయంతో యజమాని వెనకాడతాడు. వచ్చే ఏడాది కౌలు పోతుందేమోనని కౌలురైతు అడగడు. చివరకు పంట పోయింది ఒకరికి, పరిహారం ఇంకొకరికి. ప్రభుత్వ సాయం సహజంగా చేరలేని ఈ మనిషి దగ్గరకే ప్రజల విరాళం చేరాలి. దాతకు పట్టా అడగాల్సిన నిబంధన లేదు. ఎవరు దున్నారో ఊళ్లో అడిగితే చాలు.

డబ్బు దారి

విరాళాన్ని ఎవరి చేతిలో పెట్టాలి? బుడమేరు వరదల వేళ ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ముంపునకు గురైన 400 పంచాయతీలకు లక్ష చొప్పున సొంత సొమ్ము ప్రకటించారు. రాజకీయాలు పక్కన పెడితే ఆ పద్ధతిలో ఒక ఆలోచన ఉంది: రాజధాని ఖాతాకు కాకుండా ఊరి ఖాతాకు ఇవ్వడం. అయితే సర్పంచి ఒక్కరి చేతుల మీదుగానే ఖర్చయితే మళ్లీ అనుమానాలు వస్తాయి. ఊళ్లో లెక్క రాయడం అలవాటున్న సంస్థ ఇంకోటి ఉంది – డ్వాక్రా గ్రామ సమాఖ్య. ఎవరింట్లో గేదె ఉంది, ఎవరు కౌలుకు చేస్తున్నారు, ఎవరికి నెలలు నిండాయి అన్నది ఆ మహిళలకు కొత్తగా సర్వే చేయనక్కర్లేదు. పంచాయతీ, సమాఖ్య కలిసి ఉమ్మడి ఖాతా తెరిచి, వచ్చింది ఎంత, పోయింది ఎంత అన్నది సచివాలయం గోడ మీద రాసి పెడితే దాతకు అంతకంటే పెద్ద రసీదు అక్కర్లేదు.

గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు విషయంలో అనవసర భయాలున్నాయి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారి సంగతి వేరు. వారి విరాళం పుచ్చుకోవాలంటే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత అలా వచ్చిన సొమ్మును ఇంకో సంస్థకు మళ్లించడమూ కుదరదు. కాబట్టి కువైట్‌లో పనిచేసే మలికిపురం మనిషి ఊరికి నేరుగా పంపగలిగినంత సులువుగా డాలస్ డాక్టరుగారు పంపలేరు. ఈ తేడా వరద రోజున కాదు, ముందే తెలిసి ఉండాలి.

ఈ నేల కింద గ్యాసు ఉంది. పాశర్లపూడి బ్లోఅవుట్ (1995), నగరం పైపులైను పేలుడు (2014) చూసిన నేల ఇది. ఇక్కడ చమురు, గ్యాసు తీసే సంస్థలకు చట్టప్రకారం లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాల్సిన విధి ఉంది. 2019లో విపత్తు నిర్వహణ కూడా ఆ పద్దులో చేరింది. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చే విరాళాన్ని మాత్రం ఈ పద్దు కింద లెక్కలోకి తీసుకోరు. అంటే కంపెనీ చెక్కు ఫొటో కోసం అమరావతి వెళ్లడం కన్నా, ఆ సొమ్ము లంకలో పశువుల మెరక దిబ్బగానో, ఇంజన్ బోటుగానో, వరదలోనూ పనిచేసే తాగునీటి ప్లాంటుగానో మారడం కంపెనీకీ మేలు, ఊరికీ మేలు.

దానం హక్కుకు బదులు కాదు

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే. దాతలు పడవలు కొంటూ, దిబ్బలు కడుతూ పోతే ప్రభుత్వం చేతులు దులుపుకోదా? చాకలిపాలెం – కనకాయలంక కాజ్‌వే, ముక్తేశ్వరం దగ్గరి ఎదురుబిడియం కాజ్‌వే వరద వచ్చిన ప్రతిసారీ మునుగుతాయి. 2022 జూలై 26న అప్పటి ముఖ్యమంత్రి జి.పెదపూడి వైపు లంకలకు వచ్చినప్పుడు అక్కడివారు అడిగింది బియ్యం కాదు, వంతెన. వంతెన ఏ సంఘమూ కట్టలేదు, కట్టకూడదు కూడా. ఏటిగట్టు ఎత్తు, కాజ్‌వే మట్టం, నదీ కోతకు రివెట్‌మెంటు, కౌలురైతు కార్డు పూర్తిగా ప్రభుత్వ బాధ్యతలు. వీటికి చందా పట్టడమంటే పన్ను రెండుసార్లు కట్టడమే.

అయితే విరాళం ఇచ్చినవాడికి అడిగే గొంతు కూడా ఉంటుంది. ఏటా పులిహోర పంపే సంఘం, ఆ పడవ ఖర్చు ఎంతయిందో, ఆ కాజ్‌వే మీద వంతెన ఉంటే ఎంత మిగిలేదో లెక్క కట్టి కలెక్టరు ముందు పెడితే అది అర్జీ కన్నా బరువైన కాగితం. దానం హక్కును అడిగే చోట బలపడాలి, మూగబోకూడదు.

కాబట్టి వచ్చే జూన్ లోపు ప్రతి లంక పంచాయతీ మూడు పనులు చేయవచ్చు. ఒకటి, ఇంటింటి జాబితా: ముసలివారు, గర్భిణులు, పశువులు, కౌలు సాగు, ఏ ఇంటికి ఏ రేవు దగ్గర. రెండు, ఉమ్మడి ఖాతా, గోడ మీద లెక్క. మూడు, గట్టు మీద మెరకచోట వరిగడ్డి నిల్వ. రబీ కోతలప్పుడు కొంటే చవక, వరదలో కొంటే బంగారం. ఇక సాయం చేసే సంఘాలు మండలానికి ఒకచోట కూర్చుని ఎవరు ఏ లంక చూస్తారో పంచుకుంటే ఒక పేటకు మూడు భోజనాలు, ఇంకో పేటకు సున్నా అనే పరిస్థితి తప్పుతుంది.

దాతలకు చెప్పాల్సింది ఒక్కటే. ఇవ్వదలచిన దానిలో సగం నీరున్నప్పుడు ఇవ్వండి. మిగతా సగం దసరా దాకా అట్టే పెట్టండి. అప్పటికి ఒండ్రు ఎత్తి, పాదులు మళ్లీ పెట్టి, విత్తనం కోసం, కౌలు బాకీ కోసం, గేదె దాణా కోసం లంక రైతు ఎవరి గడప తొక్కాలా అని చూస్తుంటాడు. ఆ వారంలో చేతికందిన 5,000 రూపాయలు, ఆగస్టులో అందిన మూడు బస్తాల బియ్యం కన్నా ఎక్కువ పని చేస్తాయి. అతన్ని వడ్డీ వ్యాపారి గడప ఎక్కనివ్వవు.