నకలును చూపి నేరము మోపుట

ఈ దినములలో వీడియో యొకటి బయలువెడలిన తోడనే ‘కల్పిత’మను కేకయు వెంట వెడలుచున్నది. 2018వ సంవత్సరమున అమెరికాలో రేగిన వివాదమును ఈ సందర్భమున మేము జ్ఞప్తికి దెచ్చుచున్నాము.

ఆ యేడు నవంబరు 7వ తేదీన అధ్యక్షుడు ట్రంపు జరిపిన పత్రికాగోష్ఠిలో, వైట్‌హౌసున పని నేర్చుకొనుచున్న యువతి యొకతె సీ.ఎన్.ఎన్. విలేఖరి జిమ్ అకోస్టా చేతిమైకును తీసికొనబోయెను. ఆతడు విడువలేదు. ఆ రాత్రియే ఆతని ప్రవేశానుమతి నిలిపివేయబడెను. ఆమెపై ఆతడు చేయి వేసెనని చెప్పి, పత్రికా కార్యదర్శిని సారా శాండర్సు ఒక వీడియోను సాక్ష్యముగా చూపెను.

చేయి దిగు క్షణమున వేగము హెచ్చించిరని పలువురాక్షేపించిరి. దానిని తొలుత ప్రచురించిన పాల్ జోసెఫ్ వాట్సన్, తాను వేగము మార్చలేదనియు, ఒక గిఫ్‌ను గైకొని దగ్గరగా చూపి వీడియోగా మార్చితిననియు బదులిచ్చెను. ఈ సమాధానమును నవ్వి త్రోసివేయుట న్యాయము గాదు. గిఫ్ అనునది శబ్దములేని కదలుబొమ్మల ఫైలు. అమెరికా టెలివిజనులో సెకనుకు సుమారు 30 చిత్రములు నడచును. గిఫ్‌లో ఒక్కొక్క చిత్రము నిలుచు కాలమును సెకనులో నూఱవ వంతులతోనే కొలువవలెను గాన, సెకనుకు 33 యో 25 యో పొసగును గాని సరిగా 30 పొసగదు. పైగా ఫైలు బరువు తగ్గించుటకై నడుమ చిత్రములు పెక్కు విడిచిపెట్టుట వాడుక. మరల వీడియోగా మార్చునపుడు ఆ కొరత తీఱుటకు ఉన్న చిత్రమే రెండుమూడు మార్లు నిలుచును. చేయి క్షణమాగి, పిదప దుమికినట్లు తోచును. మామూలుగా దిగిన చేయి వ్రేటువలె నగపడుటకు కుట్ర యక్కఱలేదు. ఇది బుద్ధిపూర్వకమైన మార్పేయనిన నిపుణులును లేకపోలేదు.

ఇంతమాత్రమున ప్రభుత్వము దోషము తొలగునా? మాకట్లు తోచదు. “క్షమింపుడమ్మా” యని అకోస్టా ఆ యువతితో ననిన మాట అసలు వీడియోలో వినబడుచుండ, శాండర్సు చూపినది మూగది. సీ-స్పాన్ వారి పూర్తి దృశ్యము ఎల్లరకు నందుబాటులో నుండెను. అసలు దస్తావేజు పెట్టెలో నుండగా నకలుకు నకలును దాఖలుచేయు కక్షిదారుని మన పల్లెటూరి రైతు సైతము శంకించును గదా! రూపము మాఱుటవలన వేగము మాఱినను, రూపము మాఱిన దానినే యేరి తెచ్చి యొకని వృత్తికి అడ్డుకట్ట వేసినది మనుజులే.

నవంబరు 16వ తేదీన న్యాయమూర్తి తిమోతీ కెల్లీ అనుమతిని తాత్కాలికముగా తిరిగి యిమ్మని యాజ్ఞాపించెను. చేయి వేసెనను అభియోగము బహుశః నిజము కాదనియు, దాని యాధారములలో కొంత సందేహాస్పదమనియు ఆతడు గమనించెను.