శివారులో కట్టినా జనానికి అందాలి

2025 చివర్లో ఔటర్ రింగ్ రోడ్డు లోపలా, అంచునా ఉన్న 27 పురపాలికలను జీహెచ్‌ఎంసీలో విలీనం చేశారు. మేడ్చల్, తూంకుంట వాటిలో ఉన్నాయి. రాజధాని ఎల్లలు శామీర్‌పేట ముంగిటికి వచ్చాయి. పన్నుల లెక్కలు, వార్డుల విభజన గురించి చర్చ బాగానే నడిచింది. ఈ ఉత్తర శివారులో రాజధాని నగరం ఎలాంటి ప్రజా భవనాలు కట్టబోతోంది, అవి ఎవరికి అందుతాయి అన్న ప్రశ్న మాత్రం వెనకబడిపోయింది.

ఈ ప్రశ్నకు హైదరాబాద్ చరిత్రలోనే ఒక జవాబుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని పొట్టనబెట్టుకుంది. ఆ విషాదం నుంచే ఆధునిక నగర నిర్మాణం మొదలైంది. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. శిథిలమైన నదీతీరం పదిహేనేళ్లలో రూపు మార్చుకుంది. దక్షిణపు ఒడ్డున హైకోర్టు 1920లో ప్రారంభమైంది. దాని పక్కనే సిటీ కాలేజీ లేచింది. అవతలి ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి, తర్వాత 1936లో అసఫియా గ్రంథాలయ భవనం వచ్చాయి. శాసనసభ ప్రాంగణంలోని పాత భవనం 1913 నాటి టౌన్‌హాలు. పౌరుల చందాలతో కట్టింది. 1935లో మొజంజాహీ మార్కెట్ తెరిచారు.

ఇవి నగరానికి ఆనవాళ్లయ్యింది గుమ్మటాల వల్లే కాదు. వ్యాజ్యం, జబ్బు, చదువు, బేరం వంటి జనం అవసరాలే వాటికి పునాది. వాటిని జనం నడిచే దారిలోనే కట్టారు. పేదవాడు వాడుకునే భవనం కదా అని పనితనంలో రాజీపడలేదు. ఉస్మానియా ఆస్పత్రికి, హైకోర్టుకు విన్సెంట్ ఎష్ వంటి పేరున్న వాస్తుశిల్పి పనిచేశారు. అవసరం, అందుబాటు, పనితనం మూడూ ఒక్కచోట కలిసినందువల్లే నూరేళ్ల తర్వాత కూడా జనం వాటిని తమవనుకుంటున్నారు.

నిజాం పాలనను ఆకాశానికెత్తడానికి ఈ మాట అనడం లేదు. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా నిజాం సొంత జాగీరు, అంటే సర్ఫ్-ఎ-ఖాస్. మేడ్చల్ అందులో ఒక తాలూకా. 1949లో దీవానీలో, అంటే ప్రభుత్వ భూముల్లో, కలిపేదాకా ఈ పల్లెల శిస్తు నేరుగా నిజాం ఖజానాకే చేరింది. శిస్తు కట్టింది ఇక్కడి రైతు, భవనాలు లేచింది నగరంలో. స్వరాష్ట్రం వచ్చాక కూడా కొత్త సచివాలయం, అమరవీరుల స్మారకం, అంబేడ్కర్ విగ్రహం అన్నీ హుస్సేన్‌సాగర్ ఒడ్డునే వెలిశాయి. ఉత్తర శివారుకు రాజధాని పడ్డ బాకీ ఇంకా తీరలేదు.

ఇక్కడ పెద్ద సంస్థలు రాలేదని కాదు. 1998లో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 1999లో జీనోమ్ వ్యాలీ, 2008లో బిట్స్ పిలానీ ప్రాంగణం శామీర్‌పేట పేరును దేశమంతటికీ తెలిపాయి. అది గర్వకారణమే. అయితే అవి ప్రవేశపరీక్ష రాసినవారికి, ఉద్యోగం దొరికినవారికి తెరుచుకునే గేట్లు. పక్క ఊరి మనిషి తన పని మీద హక్కుగా లోపలికి వెళ్లే చోట్లు కావు.

అలా వెళ్లగలిగే చోటు కలెక్టరేట్. 2016 అక్టోబరు 11న పుట్టిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాకు మొదట కీసరలో కార్యాలయం పెట్టారు. 2022 ఆగస్టులో శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో సమీకృత భవనం ప్రారంభించారు. కార్యాలయాలన్నీ ఒకే కప్పు కిందికి రావడం మంచిదే. కానీ ఈ జిల్లా జనాభాలో ఎక్కువమంది ఉండేది కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్, మల్కాజిగిరి, ఉప్పల్ వైపున. సోమవారం ప్రజావాణిలో పింఛను కోసం అర్జీ ఇవ్వాలంటే ఉప్పల్ వృద్ధురాలు రెండు మూడు బస్సులు మారాలి. పైగా జిల్లా జిల్లాకూ దాదాపు ఒకే నమూనా కావడంతో, ఆ భవనంలో ఈ నేల గుర్తు వెతికినా దొరకదు.

నగరంలో జాగా లేదు, శివారుకు రాక తప్పదు అన్నది అధికారుల వాదన. అందులో నిజం ఉంది. అడిక్‌మెట్ కూడా ఒకనాడు ఊరి బయటే. అక్కడే 1939లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆర్ట్స్ కాలేజీ తెరిచారు. కానీ ఆ విశ్వవిద్యాలయానికి రైలుంది, దాని ముంగిట బహిరంగ స్థలం ఉంది. అందుకే అది చదువుల కోటగా మిగిలిపోకుండా తెలంగాణ ఉద్యమానికి వేదికైంది. శివారులో కట్టడం తప్పు కాదు. దారి చూపకుండా కట్టడమే తప్పు.

దిద్దుకోవడానికి ఇదే అదను. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ నుంచి మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ మొదలైంది. ప్యారడైజ్-మేడ్చల్, జేబీఎస్-శామీర్‌పేట మెట్రో మార్గాలను 2025 జనవరి 1న ప్రకటించారు. అల్వాల్‌లో టిమ్స్ ఆస్పత్రికి 2022లోనే శంకుస్థాపన జరిగింది. ఈ మూడింటినీ మూడు శాఖల పనులుగా చూడకుండా ఒకే పటం మీద పెట్టాలి. టిమ్స్ ద్వారానికి నడిచి చేరేంత దగ్గరలో మెట్రో స్టేషన్ ఉండాలి. శామీర్‌పేటలో దిగినవాళ్లకు అంతాయిపల్లి కలెక్టరేట్ దాకా రోజంతా బస్సు నడపాలి. కూకట్‌పల్లి, ఉప్పల్ వైపున కలెక్టర్ వంతులవారీగా ప్రజావాణి పెట్టాలి. మేడ్చల్‌లోనూ శామీర్‌పేటలోనూ అసఫియా స్థాయి గ్రంథాలయం ఒక్కొక్కటి కట్టాలి. నమూనాను బహిరంగ పోటీ పెట్టి ఎంచుకోవాలి.

స్టేషన్ల స్థలాలు ఖరారై, చుట్టూ భూములు చేతులు మారాక ఇవేవీ సాధ్యం కావు. ప్రజా భవనాలకు కావలసిన భూమిని ప్రభుత్వం ఇప్పుడే గుర్తించి, అమ్మకానికి పెట్టబోమని జీవో ద్వారా కట్టుబడాలి. విలీనంతో ఈ జనం నుంచి నగరపు పన్ను వసూలు చేసే హక్కు వచ్చింది. నగరపు స్థాయి ఆస్పత్రి, గ్రంథాలయం, కార్యాలయం వారి చేతికి అందించే బాధ్యత కూడా దానితోనే వచ్చింది.