పిడికెడు బియ్యం

ప్రతి ఏడాదీ మే నెలాఖరున, మెమోరియల్ డే సెలవు కలిసొచ్చే మూడు రోజులూ, న్యూజెర్సీలో మా చుట్టుపక్కల ఉండే పద్నాలుగు కుటుంబాలవాళ్ళం పెన్సిల్వేనియాలోని పోకనో కొండలకి వెళ్తాం. అక్కడ ఒక క్యాంపు అద్దెకి తీసుకుంటాం. పొద్దున్నే ధ్యానం, ఆ తర్వాత గీతా శ్లోకాలు, మధ్యాహ్నం పిల్లలకి ఆటలు, సాయంత్రం భజన. ఆధ్యాత్మిక శిబిరం అని పెద్ద పేరే పెట్టుకున్నాం గానీ, సగం మంది వచ్చేది శనివారం రాత్రి పులిహోర కోసమేనని మా అందరికీ తెలుసు.

2023లో నాకొక పని అప్పగించారు. "అందరూ కూర్చుని కృతజ్ఞతలు చెప్పుకునేలా ఏదైనా పెట్టండి, పిల్లలకి అలవాటవుతుంది" అన్నారు. సరేనని, ఇక్కడి బడుల్లో థాంక్స్‌గివింగ్ ముందు పిల్లల చేత చేయించేదాన్నే తీసుకున్నాను. అందరూ గుండ్రంగా కూర్చోవాలి, మధ్యలో దీపం, ఒక్కొక్కరూ ఒక్క మాట చెప్పాలి. చివర హారతి.

హారతి కర్పూరం పొగకి ఫైర్ అలారం మోగింది. అందరం చెప్పుల్లేకుండా బయటికి పరిగెత్తాం. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం అందరికీ గుర్తున్నది అదొక్కటే. మిగతాదంతా నీళ్ళు కలిపిన మజ్జిగ. పిల్లలు "ఫ్యామిలీ, ఫ్రెండ్స్, ఫుడ్" అన్నారు. పెద్దలు "భగవంతుడికి, తల్లిదండ్రులకి" అన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. అలాగని ఎవరూ ఏమీ చెప్పనూ లేదు.

తెనాలి నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక బామ్మగారు మాత్రం తన వంతు రాగానే, "ఇంట్లోవాళ్ళకి థాంక్స్ ఏవిటమ్మా, పరాయివాళ్ళకి చెప్పినట్టు?" అని ఊరుకున్నారు.

అప్పుడు అందరం నవ్వేశాం. తిరిగి వచ్చేటప్పుడు కార్లో మాత్రం ఆ మాటే నన్ను పట్టుకుంది. నిజమే కదా! అన్నం వడ్డించిన అమ్మకి "ధన్యవాదాలు" అంటే, వీడికి నా మీద కోపమొచ్చిందా అని చూస్తుంది. మరి మనకి కృతజ్ఞతే లేదా? ఉంది. మన మాటలు వేరు. "మీ రుణం తీర్చుకోలేను" అంటాం. "ఆయన ఉప్పు తిన్నాం" అంటాం. భోజనం ముగించి లేస్తూ "అన్నదాతా సుఖీభవ" అని దీవిస్తాం.

అసలు కృతజ్ఞత అన్న మాటలోనే ఉంది సంగతంతా. కృతం అంటే చేసినది. జ్ఞ అంటే తెలిసిన. చేసిన మేలు ఎరిగి ఉండడమే కృతజ్ఞత. దానికి ఎదురుమాట కృతఘ్నుడు, అంటే చేసినదాన్ని చంపేసేవాడు. మనిషి మూడు రుణాలతో పుడతాడని తైత్తిరీయ సంహిత చెప్తుంది. ఋషులది చదువుతో, దేవతలది యజ్ఞంతో, పితరులది సంతానంతో తీరుతుందట. శతపథ బ్రాహ్మణం వీటికి తోటిమనుషుల రుణాన్ని కూడా కలిపి, అది నీడ ఇచ్చి అన్నం పెడితే తీరుతుందంటుంది. వీటిలో ఒక్కటీ నోటిమాటతో తీరేది కాదు.

అందుకని 2024లో పద్ధతి మార్చాను. చిన్నప్పుడు ధనుర్మాసంలో హరిదాసు వస్తే, వంగిన ఆయన తలమీద అక్షయపాత్రలో పిడికెడు బియ్యం వేసేవాళ్ళం. అదే గుర్తొచ్చింది. పైగా బియ్యానికి ఫైర్ అలారం మోగదు! శనివారం సాయంత్రం పన్నెండు పదమూడు మంది చొప్పున నాలుగు గుంపులుగా కూర్చున్నాం. ఒక్కొక్కరూ పిడికెడు బియ్యం పట్టుకుని, తమకి ఒక మనిషి చేసిన ఒక పని చెప్పి, గిన్నెలో వేయాలి. ఆ మనిషి అక్కడ కూర్చున్నవాళ్ళలో ఉండకూడదు. దేవుణ్ణి చెప్పకూడదు, ఆయనకి పొద్దుటి ప్రార్థన ఉంది. "మా అమ్మ నాకోసం అన్నీ చేసింది" అని కుదరదు. ఏ రోజు, ఏం చేసిందో చెప్పాలి.

ఒక అమ్మాయి, ఇప్పుడు కాలేజీలో ఉంది, ఇలా అంది: "ఆరో క్లాసులో నేను లంచ్‌బాక్స్ తెరిస్తే, వాసన అని బల్ల దగ్గర అందరూ లేచిపోయారు. ఒక్క పిల్ల మాత్రం కదల్లేదు." వాళ్ళమ్మ అక్కడే ఉంది. తన కూతురి బల్ల దగ్గర నుంచి అందరూ లేచిపోయారన్న సంగతి ఆవిడ వినడం అదే మొదటిసారి.

తర్వాత బామ్మగారు. ఈసారి కాదనలేదు. "మా పెద్దాడు పుట్టినప్పుడు నాకు పాలు పడలేదు. వెనక వీధి ఆవిడ తన బిడ్డతో పాటు వీడికీ పాలిచ్చింది, మూడు నెలలు. ఆవిడ మా కులం కాదు. అందుకని మా ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు." ఆవిడ పేరు చెప్పి, బియ్యం గిన్నెలో వేశారు. ఆ పెద్దాడికి అరవై దాటాయి. ఎదురుగా కూర్చుని ఉన్నాడు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

పక్కనే నా వంతు. న్యూజెర్సీలో తొలి ఉద్యోగం ఇప్పించిన ఒకాయన గురించి చెప్దామని సిద్ధంగా ఉన్నాను. నోరు తెరిస్తే మా వదిన వచ్చింది.

2021 మేలో, రెండో వేవ్ రోజుల్లో, మా అమ్మ పోయింది. నేను వెళ్ళలేకపోయాను. అంతకుముందు పదకొండు నెలలు తుంటి ఎముక విరిగి మంచంలోనే ఉంది. ఆ తర్వాత ఒక పెళ్ళి ఫోటోలో వదిన చేతికి అమ్మ గాజులు చూశాను. నాకొక్క మాట చెప్పలేదే అనుకున్నాను. పండక్కి ఫోన్ చేయడం మానేశాను. అన్నయ్యతోనే పొడిపొడిగా మాట్లాడేదాన్ని.

బియ్యం పట్టుకుని నేను చెప్పింది ఇదీ: "నేను వీడియో కాల్ చేసిన ప్రతిసారీ మా అమ్మకి తల దువ్వి జడ వేసి ఉండేది. మా వదిన వేసేది." అంతే, ఇంక మాట రాలేదు. ఆ గాజులు ఎన్ని తులాలో నాకు తెలుసు. వదిన ఎన్ని జడలు వేసిందో ఎప్పుడూ లెక్క పెట్టలేదు.

మర్నాడు పొద్దున నాలుగు గిన్నెల బియ్యమూ కలిపి, పెసరపప్పు, మిరియాలు వేసి పొంగలి వండాం. తిన్నాక ఎవరెవరి మనిషిని వాళ్ళు తలుచుకుని "సుఖీభవ" అన్నాం. నేను బయటికి వచ్చి తెనాలికి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర.

"వదినా, అమ్మకి రోజూ జడ వేసేదానివి కదా" అన్నాను.

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, "ఇది చెప్పడానికి నీకు మూడేళ్ళు పట్టిందా అమ్మాయ్?" అంది. ఆ వెంటనే, "భోంచేశావా?" అంది.

గాజుల సంగతి ఆవిడ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అది అలాగే ఉంది. పండక్కి మాత్రం ఫోన్లు నడుస్తున్నాయి.

మీ ఊళ్ళోనూ ఇలాంటిది పెట్టుకోవాలనుకుంటే, మేం నేర్చుకున్నవి నాలుగు మాటలు. గుంపులో పదిహేను మందికి మించవద్దు, వెనకవాళ్ళు ఫోన్లు తీస్తారు. చెప్పడం ఇష్టం లేనివాళ్ళు మౌనంగా బియ్యం వేసి ఊరుకోవచ్చు, ఎందుకని అడగకూడదు. ముందు పెద్దలు చెప్పాలి. పిల్లల చేత మొదట చెప్పిస్తే అది బడి పాఠమైపోతుంది. వీడియో తీయకూడదు, అక్కడ విన్నది బయట మాట్లాడకూడదు. ఈ కాలమ్‌లో రాసినవాటికి ఆ బామ్మగారినీ, ఆ అమ్మాయినీ అడిగే రాశాను. బామ్మగారు, "రాయమ్మా, ఆవిడ సంగతి ఇప్పటికైనా నలుగురికీ తెలియాలి" అన్నారు.

శిబిరం దాకా ఆగక్కర్లేదు కూడా. ఆదివారం కుక్కర్‌లో బియ్యం పోసేముందు ఒక్క పిడికెడు చేతిలో ఉంచుకుని, ఎవరో ఒకరు చేసిన ఒక పని ఇంట్లోవాళ్ళకి చెప్పండి. అన్నం ఉడికేలోపు ఫోన్ చేయాల్సిన మనిషి ఎవరో మీకే తెలుస్తుంది.