ఈ ఫొటోలో ఉన్నదెవరు?

1892లో రాజా దీనదయాళ్ హైదరాబాదులో స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచారు. దాన్ని ఒక ఆంగ్లేయ మహిళ నడిపింది. పరదా స్త్రీలు పరాయి మగవాళ్ల కంటపడకుండా అక్కడ ఫొటో తీయించుకోగలిగారు. ఆయన స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. అయితే ఆ కాలపు ఫొటోల కింద నవాబుకూ దొరకూ పేరుంటుంది. కష్టం చేసుకు బతికే స్త్రీకి మాత్రం కులమో, 'కూలీ' అన్న మాటో మిగులుతుంది.

పాతకాలం సంగతిలే అని సరిపెట్టుకుందామా? మన ఆఫీసు బీరువాలు తెరిచి చూడండి. 'లబ్ధిదారులు', 'గ్రామ మహిళలు'. అంతే! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. రోశమ్మ పేరు మనందరికీ తెలుసు. ఆమె పక్కన నడిచినవాళ్ల పేర్లు ఎందరికి తెలుసు?

ఆనాడు ముప్పైల్లో ఉన్న స్త్రీలకు ఇప్పుడు అరవై దాటాయి. ఫొటోలు పట్టుకుని వాళ్ల దగ్గరికే వెళ్దాం. ఎవరెవరు, ఏ ఊరు, ఆ రోజు ఏం జరిగింది అని అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకుందాం. ఫొటో వెనక పెన్సిలుతోనే రాయాలి, బాల్‌పెన్ను ఒత్తితే బొమ్మ మీదికి గీతలు తేలతాయి. ఒక కాపీ వాళ్లకివ్వాలి (ఇన్నేళ్లలో ఎన్ని ఇచ్చాం?). అచ్చువేసే ముందు అనుమతీ అడగాలి. ఆనాటి సారా కాంట్రాక్టరు ఉండేదీ ఆ ఊళ్లోనే కావచ్చు. వద్దంటే ఆ ఫొటో బీరువాలోనే ఉంటుంది, పేరుతో సహా.