కలరా యనుటకు భయ మెందుకు?

1992 సంవత్సరాంతమున చెన్నపట్టణమున కలరా లక్షణములతో వచ్చిన రోగుల మలమును పరీక్షించినవారి కొక వింత కానవచ్చెను. క్రిమి కలరా క్రిమివలెనే యున్నది. కాని యంతవరకు కలరాను గుర్తించుటకు వాడుచుండిన ఓ 1 సీరముతో కలిపినను గుమిగూడలేదు. దానికే పిమ్మట ఓ 139 అని పేరిడిరి. 1993లో నది కలకత్తాను, బంగ్లాదేశమును ముట్టడించెను. పాత కలరావలన కొంత రక్షణ పొందియున్న పెద్దవారిని సైతము విడువలేదు.

ఆ నమూనాలు ప్రయోగశాలకు పోకున్నచో నీ భేదము తెలిసెడిదా? మన పల్లెలలో జరుగుచున్న దేమి? పెండ్లివిందు జరిగిన మరునాడు వీధివీధినంతయు వాంతులు, విరేచనములు. వైద్యుడు సూదిమందు వేయును, సెలైను ఎక్కించును; మందు పడకముందే తీయవలసిన మలమును మాత్రము తీయడు. రోగి కోలుకొనును, కారణము మాయమగును. నింద వంటవానిది, దోషము మురుగుకాలువలో మునిగిన నీటిగొట్టముది కావచ్చును!

భారత ప్రభుత్వము 2004లో సమగ్ర వ్యాధి నిఘా పథకమును నెలకొల్పెను. ఆరోగ్యకార్యకర్త అనుమానమును, వైద్యుడు లక్షణములను, ప్రయోగశాల నిర్ధారణమును వారమువారము తెలుపు పద్ధతి యేర్పడెను. ఏర్పాటు మంచిదే. కాని ప్రైవేటు వైద్యుని గడప తొక్కినవాడు లెక్కకు రానిచో, ఊరికి అపకీర్తి యని కలరాను ‘అతిసార’మని వ్రాసి సరిపుచ్చినచో, ఆ పత్రము లెవరిని కాపాడును?

పలుకుబడిగల మన పాఠకులు పంచాయతీలోను, పురపాలకసంఘములోను అడుగవలసిన ప్రశ్నలు కలవు. నమూనాలు తీసిరా? ఫలిత మెన్నడు వచ్చినది? ఏ గొట్టమును మార్చితిరి?