తొలి కమ్మను చదువు సాధనము

పాత తాళపత్ర గ్రంథమును చేతబట్టిన పండితుడు పైకట్టున అంటించిన చీటీతో తృప్తి చెందక, దారము విప్పి, తొలి కమ్మను వెలుతురున కెత్తి, శ్రీకారమును దాని వెంట వచ్చు అక్షరముల తీరును పరిశీలించి, అది ఏ లిపియో, ఏ గ్రంథమో నిశ్చయించును. డిస్కుల విషయమున ఈ పనియే చేయుటకై క్రిస్టోఫ్ ఫిస్టెరర్ రచించిన చిన్న ప్రోగ్రామునకు డిస్క్‌టైప్ అని పేరు. నల్లని తెరపై ఆ పేరును, ప్రక్కన డిస్కు పేరును టైపు చేసి ఎంటర్ నొక్కినచో కొద్ది పంక్తులలో సమాధానము వచ్చును.

కీర్తిశేషులైన మా అన్నగారు లినక్సు వాడిన దినములలో కుటుంబపు ఫోటోలను దాచిన హార్డుడిస్కును ఇటీవల నా కంప్యూటరునకు తగిలించితిని. తగిలించినంతనే అది, ఈ డిస్కును వాడుటకు ముందు ఫార్మాటు చేయవలెను, చేయుదునా అని అడిగినది. తనకు రాని లిపిలో వ్రాసిన పుస్తకమును తెల్లకాగితములుగా నెంచి, చెరిపివేయుటకు అనుమతి కోరుట యెంత అన్యాయము! ఆ ప్రశ్నకు తెలియక ఔనని నొక్కువారిని తలచుకొనిన నా గుండె ఇప్పటికిని దడదడలాడును.

డిస్క్‌టైప్ చదువునే గాని ఒక్క బైటైనను వ్రాయదు. ఫార్మాటులను నిర్మించినవారు సాధారణముగా తమ గుర్తును ఒకానొక నియత స్థానమున నిలిపియుందురు. సీడీలలో వాడు ఐఎస్ఓ 9660 పద్ధతి మొదటి 32,768 బైట్లను విడిచి, మరియొక బైటు గడచిన పిదప సీడీ001 అను ఐదక్షరములను ఉంచును. ఎన్టీఎఫ్ఎస్ తన పేరును మొదటి మూడు బైట్ల వెనుకనే వ్రాసికొనును. లినక్సు వారి ఈఎక్స్‌టీ కుటుంబము 1,024 బైట్లను విడిచి, అటుపై 56 బైట్లు దాటిన చోట 53, ఈఎఫ్ అను రెండు బైట్లను నిలుపును. ఇట్లు విడిచిన చోటులందే మిక్కిలి ఆసక్తికరమైన విషయము దాగియున్నది. డిస్కును క్రొత్తగా ఫార్మాటు చేసినప్పుడు పాత గుర్తులన్నియు చెరగవు. చెక్కిన రాతిపైననే మరల చెక్కిన శాసనమునందువలె పూర్వపు గీతలు అక్కడక్కడ మిగులును. అట్టి తావుల డిస్క్‌టైప్ ఒకదానిని ఎన్నుకొని తక్కినదానిని దాచక, కనిపించిన గుర్తులన్నిటిని పేర్కొని, నిర్ణయమును మనకు విడిచిపెట్టును. దాని గుణములలో నాకు మిక్కిలి నచ్చినది ఇదియే.

అన్నగారి డిస్కు ఈఎక్స్‌టీ3 అని తేలినది. లినక్సు గల మరియొక కంప్యూటరునకు తగిలింపగా ఫోటోలన్నియు చెక్కుచెదరక తెరచుకొన్నవి.

ఇంతకును నా కంప్యూటరు ఆ రెండు బైట్లను చదివియున్నచో, ఫార్మాటు మాట యెత్తక, ఇది లినక్సు డిస్కు, నాకు చదువ రాదు అని ఒక్క పంక్తి వ్రాసియుండెడిది. ఆ పంక్తిని వ్రాయుమనియే కంప్యూటరు వ్యవస్థలను నిర్మించువారిని నేను కోరుచున్నాను.

— పరిశీలకుడు