మోటారు సైకిలుకూ ఒక వ్యాకరణం

జీవితమంతా బడిలో సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడికి మోటారు సైకిళ్ళతో ఏం పని అని బ్లాగ్మిత్రులు నవ్వుకోవచ్చు. పని ఉన్నది కనుకనే ఈ టపా.

మా శ్రీకాకుళమంటే ఉత్తరాంధ్ర జిల్లా కాదు. కృష్ణ ఒడ్డున, ఘంటసాల మండలంలో, ఆంధ్ర మహావిష్ణువు కొలువున్న ఊరు. ఇక్కడి యువకుల చేతుల్లో ఇప్పుడు పెద్ద బండ్లు కనబడుతున్నాయి. వేగానికీ దూరప్రయాణానికీ రెండిటికీ పనికివచ్చేలా చేసిన ఈ తరహాను స్పోర్ట్ టూరర్ అంటారట. 2003లో వచ్చిన 223 సీసీల హీరో హోండా కరిజ్మా, 2016 చివర వచ్చిన బజాజ్ డామినార్ 400 ఈ కోవలోవే. కొన్న నెల తిరక్కుండానే వాటికి మార్పులు మొదలవుతాయి.

మార్చడం తప్పని నేను అనను. తయారు చేసినవాడు ఊహించుకున్నది నున్నని రహదారిని. మనవాడు రోజూ నడిపేది కరకట్ట మీద, నల్లరేగడి బురదలో, గేదెల మందల నడుమ. మా తరంలో రాజ్‌దూత్‌కు ఇరువైపులా ఇనుప కొక్కేలు చేయించి పాలక్యాన్లు తగిలించేవారు. అందులో అందమేమీ లేదు, అవసరం ఉన్నది. కాబట్టి ప్రశ్న మార్చవచ్చునా అని కాదు. ఏది మార్చాలి, ఎవరి కోసం మార్చాలి అన్నది.

దీనికి నాకు తెలిసిన కొలబద్ద వ్యాకరణమే. ఉన్నదాని పక్కన కొత్త వర్ణం వచ్చి చేరితే ఆగమం. ఉన్నదాన్ని తొలగించి ఆ చోట మరొకటి వస్తే ఆదేశం. ఉన్నది ఊరకే పోతే లోపం. ఆగమం మిత్రుని వంటిదనీ, ఆదేశం శత్రువు వంటిదనీ తరగతిలో చెప్పుకునేవాళ్ళం.

ఈ మూడింటికంటే ముందు పైసా ఖర్చులేని సర్దుబాట్లు కొన్ని ఉన్నాయి. క్లచ్, బ్రేకు లీవర్లను వేళ్ళూ ముంజేయీ ఒకే వరుసలోకి వచ్చేలా తిప్పుకుంటే మణికట్టు నొప్పి చాలావరకు తగ్గుతుంది. వెనుక మనిషి ఎక్కే బండికి షాకబ్జార్బరు స్ప్రింగును ఒకటి రెండు మెట్లు బిగించుకోవాలి. టైర్లలో గాలి ఎంత ఉండాలో బండి మీదనే రాసి ఉంటుంది. గొలుసు మరీ బిగుతుగానూ మరీ వదులుగానూ ఉండకూడదు. వానాకాలంలో దాన్ని తరచుగా తుడిచి నూనె వేయాలి. అలంకారాలకు వేలు పోసే యువకులు ఈ నాలుగు పనులూ చేయించరు. అదే నాకు విచిత్రం.

ఇక ఆగమాలు. హ్యాండిల్ కింద రైజర్లు పెట్టి ఒక అంగుళం ఎత్తు చేసుకుంటే వీపు నిటారుగా ఉంటుంది. అయితే హ్యాండిల్‌ను రెండు పక్కలకూ పూర్తిగా తిప్పి, కేబుళ్ళూ బ్రేకు గొట్టమూ లాగుకుపోవడం లేదని చూసుకోవాలి. క్యారియరూ, గాలి ముఖాన కొట్టకుండా ఆపే అద్దమూ మిత్రులే.

ఆదేశాల దగ్గర జాగ్రత్త వహించాలి. ముందు చక్రానికి 15 పళ్ళు, వెనుక 45 ఉన్న గొలుసుబండికి వెనుక 47 పళ్ళది వేస్తే నిష్పత్తి 3 నుంచి 3.13 అవుతుంది. తక్కువ వేగంలో లాగుడు పెరుగుతుంది. సంతలో మాటిమాటికీ గేరు మార్చే శ్రమ తగ్గుతుంది. బదులుగా రహదారి మీద ఇంజను ఎక్కువ తిరుగుతుంది. ఈ బేరం న్యాయమైనదే. కానీ 60/55 వాట్ల బల్బు ఉండవలసిన చోట 100/90ది పెట్టడం అలాంటిది కాదు. దాని వేడికి హోల్డరూ తీగలూ కరుగుతాయి. అంతకంటే ముఖ్యం, కరకట్ట మీద ఎదురుగా వచ్చే సైకిలువాడికి కళ్ళు చీకట్లు కమ్ముతాయి. ఒక పక్క ఏరు, మరో పక్క పల్లం. అతడు ఎటు తప్పుకోవాలి? ఊరంతా ఉలిక్కిపడే సైలెన్సరు గురించి వేరే చెప్పనవసరం లేదు.

అన్నిటికంటే నన్ను బాధించేది లోపం. అద్దాలు తీసేస్తారు. వెనుక మడ్‌గార్డు తీసేసి ఆ బురదను వెనుకవారి ముఖాన కొడతారు. చివరికి శారీగార్డు తీసేస్తారు. మా మేనల్లుడు ఆ పనే చేశాడు. "అదుంటే బండి అందం పోతుంది మావయ్యా" అన్నాడు. "దాని వెనుక రోజూ కూర్చునేదెవర్రా?" అన్నాను. "తను చీర కట్టుకోదుగా, చుడీదారేగా" అన్నాడు. "చున్నీ ఉండదా?" అంటే జవాబు లేదు. గార్డు ఉన్నా చున్నీ ముడివేసుకోక తప్పదు, నిజమే. అంతమాత్రాన ఉన్న రక్షణను ఊడబెరకడం వివేకం కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 123వ నియమం వెనుక కూర్చునేవారికి చేతిపట్టు, కాళ్ళు పెట్టుకునే ఆసరా, వెనుక చక్రం సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలని చెబుతున్నది. ఆ రక్షణ వారి దుస్తులు చక్రంలో చిక్కుకోకుండా ఉండటానికే. చట్టం గుర్తించిన ఆ మనిషిని ఇంటివాడే మరచిపోతే ఎలా?

చట్టమంటే మరొకటి కూడా గుర్తుంచుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది. లీవరు తిప్పుకోవడానికీ స్ప్రింగు బిగించుకోవడానికీ అది అడ్డు రాదు. రోజువారీ ప్రయాణానికి కావలసినవి చాలావరకు ఆ హద్దులోపలే ఉన్నాయి.

నా అభిప్రాయం ఇంతే. బండిని నడిపేవాడొక్కడికే అమర్చుకుంటే అది సోకు. వెనుక కూర్చున్నవారికీ, ఎదురుగా వచ్చేవారికీ కూడా అమర్చితేనే అది సర్దుబాటు. వ్యాకరణంలో ఏ వర్ణం పోయినా పలుకు తేలిక కావడానికే పోతుంది. చూపరుల మెప్పు కోసం ఏదీ పోదు. మా మేనల్లుడు తీయించిన గార్డు ఇంకా అటక మీదే ఉంది. మళ్ళీ బిగించడానికి రెండు బోల్టులు చాలు. మీ ఇళ్ళలోనూ అటువంటిది అటకెక్కి ఉంటే ఒకసారి దింపించండి. నాతో విభేదించే యువమిత్రులు నిస్సంకోచంగా వ్యాఖ్య రాయండి, వాదించుకుందాం.